సత్యాన్వేషి బ్లాగు

దస్తగిరి తన బ్లాగు మూసేద్దామనుకున్నాడు. మూసే ముందు గురువుగారి చెవిన ఒక మాట వేద్దామని, ఆదివారం పొద్దున్నే ఫకీరప్పగారి పాకకు బయలుదేరాడు.

ఆదోని అంటే పత్తి. అంత పత్తి ఊళ్ళో ఫకీరప్పగారిని ఎరగనివాళ్ళు తక్కువ. ఆయన వృత్తి దూదేకడం. పరుపులకు మిషన్లు వచ్చి చాలాకాలమైనా, దిండ్లు మాత్రం ఇప్పటికీ ఆయన విల్లుతోనే ఏకించుకునే ఇళ్ళున్నాయి. గురువారం సాయంత్రం అదే పాకలో చాప పరిచి తత్త్వాలు పాడతారు. అన్ని కులాలవాళ్ళూ వస్తారు, రెండు మతాలవాళ్ళూ వస్తారు. తనకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదని చెప్పే బ్యాంకు మేనేజరు ఒకాయన కూడా వస్తాడు, వచ్చి అందరికంటే ముందు కూర్చుంటాడు.

ఫకీరప్పగారు ఉపన్యాసం ఇవ్వగా విన్నవాళ్ళు లేరు. ఎవరేమడిగినా చేతిలో ఉన్న పనితోనే ఏదో ఒకటి చేసి చూపిస్తారు. అర్థమైనవాళ్ళకు అవుతుంది. కానివాళ్ళు మళ్ళీ గురువారం వస్తారు.

దస్తగిరి ఒక ప్రైవేటు హైస్కూల్లో సోషల్ మాస్టారు. అది ఊళ్ళో సంగతి. ఇంటర్నెట్‌లో ఆయన పేరు ఆచార్య సత్యాన్వేషి. బ్లాగు పేరు జ్ఞానశిఖరం. పైన పెద్ద హిమాలయాల ఫొటో. దస్తగిరి హిమాలయాలను చూసింది ఆ ఫొటోలోనే అనుకోండి, అయినా శిఖరం శిఖరమే కదా.

నవ్వడానికి లేదు, రాయడం వచ్చినవాడే. బ్లాగులో రాసేదాన్ని టపా అనాలి గానీ పోస్టు అనకూడదని పట్టుపట్టేంత భాషాభిమానం. ధర్మం గురించి రాశాడు, కాలం గురించి రాశాడు, మానవజాతి గమ్యం గురించి భాగాలు భాగాలుగా రాశాడు. మొదట్లో జనం బాగా చదివేవారు. 'ఆచార్యా, మీ పాదాలకు నమస్కారం' అని వ్యాఖ్యలు పెట్టేవారు. ఈయనెవరో కాశీలో చదువుకుని, గడ్డం నెరిసి, ఏ నది ఒడ్డునో కూర్చున్న పెద్దాయన అని వాళ్ళ ఊహ. దస్తగిరి అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రాత్రి భోజనాలయ్యాక ఆ వ్యాఖ్యలు చదువుకుంటుంటే ఛాతీ రెండంగుళాలు పెరిగేది.

తర్వాత జనం వీడియోల మీదికి మళ్ళారు. నమస్కారాలు ఆగిపోయాయి. మానవజాతి గమ్యం చివరి భాగానికి ఒకే ఒక్క వ్యాఖ్య వచ్చింది, అది బట్టతలకు మందు అమ్మేవాడు పెట్టింది.

ఆ దెబ్బ మామూలుగా తగల్లేదు. ఇన్నేళ్ళ తన రాత ఒట్టి దండగేనా అన్న అనుమానం మనసును తొలుస్తోంది. ఆ అనుమానంతోనే పాకలో అడుగుపెట్టాడు.

లోపల అమ్మ ఉంది. దస్తగిరి తల్లి హుసేనమ్మ ఆ పాకలోనే పరుపుల గలీబులు కుడుతుంది. కొడుకు మాస్టారయ్యాక పని మాన్పించాలని చూశాడు. "పని మానుకుంటే ఈ చేతుల్ని యాడ పెట్టుకోవాల్రా?" అని అడిగిందావిడ. మూలన కూర్చుని సూది గుచ్చుతున్నదల్లా కొడుకును చూసి తలాడించింది.

ఫకీరప్పగారు విల్లును దూలానికి వేలాడదీసి, కింద ముద్దలు కట్టిన పాత దూది పోసుకుని పనికి సిద్ధమవుతున్నారు. దస్తగిరి నమస్కారం పెట్టి ఎదురుగా కూర్చున్నాడు.

"బ్లాగు మూసేస్తున్నాను గురువుగారూ."

"ఏంటికి?"

"ఎవరూ చదవడం లేదు. చదవనిది ఎందుకు రాయాలి?"

"మొదలుపెట్టింది ఏంటికి?"

ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు దస్తగిరి జేబులోంచి ఫోన్ తీశాడు. బ్లాగులో మొట్టమొదటి టపా పేరే 'నేను ఎందుకు రాస్తున్నాను?' అని. ఎన్ని టపాలు రాసినా అదంటే ఆయనకు ప్రత్యేకమైన ప్రేమ. గొంతు సవరించుకున్నాడు.

"తల్లి భాషకు నా వంతు సేవ చేయడం కోసం."

ఫకీరప్పగారు కొయ్యపిడి ఎత్తి విల్లు నారి మీద కొట్టారు. టంగ్‌మని మోగింది. పాకంతా మోగింది.

దస్తగిరి ఒక్క క్షణం ఆగాడు. ఆయన పని ఆయన చేసుకుంటున్నారు కాబోలు అనుకుని గొంతు కాస్త పెంచాడు.

"నిద్రపోతున్న సమాజాన్ని మేల్కొలపడం కోసం."

టంగ్‌మంది. ఎదురుగా సోడా కొట్టువాడు ఇటు తిరిగి చూశాడు.

"రాబోయే తరాల చీకటి దారిలో ఒక దీపం పెట్టడం కోసం."

ఈసారి దెబ్బకు గోడనున్న క్యాలెండరు కూడా కదిలింది. ఫకీరప్పగారు కొయ్యపిడి కింద పెట్టారు.

"బాగా మోగిందా?"

"బ్రహ్మాండంగా మోగింది, గురువుగారూ."

"దూది ఎంత ఏకింది?"

దస్తగిరి కిందికి చూశాడు. నారి దూదికి జానెడు పైన ఉంది. ముద్దలు ముద్దల్లాగే ఉన్నాయి. ఒక్క పోగు కూడా లేవలేదు.

కొత్తగా విల్లు పట్టినవాళ్ళందరూ చేసే తప్పే ఇది. నారి గాలిలో ఉంటే మోత ఘనంగా ఉంటుంది, వీధిలో పోయేవాళ్ళు ఆగి చూస్తారు, కొట్టేవాడికి హుషారెక్కుతుంది. నారిని దూదిలోకి దించితే మోత చచ్చిపోతుంది, ఎవరూ ఇటు చూడరు. కానీ దూది ఏకేది అప్పుడే. ఈ సంగతి దస్తగిరికి తెలియంది కాదు. చిన్నప్పుడు అమ్మ చేతి మొట్టికాయలు తిన్నది దీనికే.

మొహం ఎర్రబడింది. మూలన అమ్మ తల ఎత్తలేదు గానీ ఆవిడ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందని ఆ కదలిక చూస్తేనే తెలుస్తుంది.

"అయితే బ్లాగు వద్దు. డైరీ రాసుకుంటాను. ఎవరికీ చూపించకుండా నాలో నేను రాసుకుంటాను. అప్పుడు మోత ఉండదు కదా?" అన్నాడు దస్తగిరి, కాస్త రోషంగానే.

ఫకీరప్పగారు లేచి తన చోటు ఇచ్చి, కొయ్యపిడి చేతిలో పెట్టారు.

"ఈ దిండు నువ్వు ఏకు."

కాలేజీలో చేరిన రోజు వదిలిన విల్లు. దస్తగిరి చొక్కా విప్పి మేకుకు తగిలించి, ముక్కుకు తువ్వాలు కట్టుకుని కూర్చున్నాడు. మొదటి నాలుగు దెబ్బలూ గాలిలోనే మోగాయి. తర్వాత చేతులకు జ్ఞాపకం వచ్చింది. నారి దూదిలోకి దిగింది. మోత తగ్గి, దూదిలోంచి గుబగుబమనే చప్పుడు మిగిలింది. ముద్ద విచ్చుకుంది. విచ్చుకున్న ముద్దలోంచి విత్తనం పెచ్చులు, ఎప్పటివో తలవెంట్రుకలు, నల్లటి దుమ్ము రాలాయి. తెల్లటి దూది మోకాళ్ళ ఎత్తుకు లేచింది.

దస్తగిరికి సంతోషం వేసింది. ఇన్నేళ్ళైనా పోలేదు, చేయి తిరిగే ఉంది. గర్వంగా అమ్మ వైపు చూడబోయాడు.

అంతలో గుమ్మంలో ఎవరో నిలబడ్డారు. బట్టల కొట్టు చెన్నబసప్ప. రెండు పాత దిండ్లు చంకలో ఉన్నాయి. ఆయన కూతురు దస్తగిరి దగ్గర తొమ్మిదో తరగతి చదువుతోంది.

"దస్తగిరి సారూ! మీరా? బనీనులో గుర్తుపట్టలేకపోయినా. మీకు ఈ పని కూడా వచ్చునా?"

దస్తగిరి ఒంటి మీద దూదిపోగులు. చేతిలో కొయ్యపిడి. నోట్లోంచి మాట దానంతటదే వచ్చేసింది.

"అబ్బే, నాకెక్కడిదండీ. గురువుగారు పట్టుకోమంటే ఊరికే సరదాకి..."

మూలన సూది ఆగింది.

"అదే అనుకున్నా సార్. మీలాంటివాళ్ళకు ఈ పని ఏంటికి?" అని చెన్నబసప్ప మంచిమనసుతోనే నవ్వి, దిండ్లు అక్కడ పెట్టి, గురువారం వచ్చి తీసుకుంటానని వెళ్ళిపోయాడు.

సూది మళ్ళీ కదిలింది. కాసేపటికి హుసేనమ్మ దారం కొరికి, పొయ్యి మీద పప్పు పెట్టాలని చెప్పి లేచింది. కొడుకు పక్కనుంచే వెళ్ళింది, కొడుకు వైపు చూడలేదు.

దస్తగిరి మిగతా దూది ఏకాడు. బాగానే ఏకాడు. ఫకీరప్పగారు దాన్ని గలీబులోకి కూరి, నాలుగు మూలలా సమంగా తట్టి, అరచేతుల్లో పెట్టుకుని బరువు చూశారు.

"మంచిగా ఏకినావు. దీని ఆసామి వచ్చి ఎవరు ఏకినారని అడుగుతాడు. వానికి ఏం చెప్పాల?"

దస్తగిరి చొక్కా తొడుక్కుని ఇంటికి నడిచాడు.

ఇంట్లో అమ్మ జొన్నరొట్టె, పప్పు పెట్టింది. ఇంకో రొట్టె వేసుకోమంది. తిట్టి ఉంటే బాగుండునని దస్తగిరికి అనిపించింది.

మధ్యాహ్నం కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. అలవాటు చొప్పున 'అనాది కాలం నుండి మానవుడు' అని వేలు కదిలింది. అది చూసి తనకే సిగ్గేసి చెరిపేశాడు. 'శ్రమైక జీవన సౌందర్యం' అని మళ్ళీ మొదలుపెట్టాడు. అదీ చెరిపాడు. చివరికి ఇలా రాశాడు.

'నా పేరు దస్తగిరి. మా అమ్మ పేరు హుసేనమ్మ. మాది దూదేకే ఇల్లు.'

ఈ మూడు మాటలు ఇన్నేళ్ళ జ్ఞానశిఖరంలో ఒక్కచోట కూడా లేవు. రాసి, వాటి వైపు చూస్తూ ఉండిపోయాడు. ఆ తర్వాత రాత తనంతట తానే నడిచింది.

తను ఉయ్యాలలో ఉండగానే నాన్న పోవడం. అమ్మ అన్నలిద్దరూ మొహం చాటేస్తే, ఆమె ఫకీరప్పగారి దగ్గరికి వెళ్ళి విల్లు పట్టడం నేర్పమనడం. ఆడది విల్లు భుజాన వేసుకుని బజారులో నడుస్తుంటే జనం వింతగా చూడడం. ఒక పెద్ద మేడవాళ్ళు ఈమె వల్ల ఏమవుతుందని వెటకారం చేస్తే, మీ ఇంట్లో అన్నిటికంటే గట్టిపడిన పరుపేదో తెమ్మని అమ్మ అడగడం. ఆరోజు పనయ్యాక అమ్మ జుట్టూ కనుబొమలూ దూదితో తెల్లగా మెరుస్తుంటే, అమ్మ ఒక్కరోజులో ముసలిదైపోయిందనుకుని తను బావురుమనడం. ఇవన్నీ తనలో ఉన్నాయనే సంగతి రాసేదాకా దస్తగిరికే తెలియదు.

ఒకచోట చేయి ఆగింది. హైస్కూల్లో ఉండగా ఒకరోజు స్నేహితులతో వస్తుంటే ఎదురుగా అమ్మ, భుజాన విల్లు. తను రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయాడు. అమ్మంటే సిగ్గనే ఇన్నాళ్ళూ అనుకుని, ఆ జ్ఞాపకాన్ని అడుగున తొక్కేసి పెట్టాడు. ఇప్పుడు వాక్యం వెనక వాక్యం పేర్చుకుంటూ పోతే అసలు సంగతి బయటపడింది. అది సిగ్గు కాదు, భయం. స్నేహితులు నవ్వుతారని భయం, నవ్వితే వాళ్ళను కొట్టాల్సి వస్తుందని భయం, కొట్టలేనని భయం. అది రాశాడు. ఈ పొద్దున చెన్నబసప్పతో అన్న మాట కూడా రాశాడు.

అంతా అయ్యాక ఛాతీలోంచి ఏదో బరువు దిగినట్టయింది. కానీ ప్రచురించే మీట నొక్కలేకపోయాడు. ఆచార్యుల పాదాలకు దండం పెట్టినవాళ్ళు ఇది చూస్తే? స్కూల్లో పిల్లల తల్లిదండ్రులు చూస్తే? దాన్ని దాచి ఉంచి, ఎవరికీ చెప్పకుండా నాలుగు రోజులు మోశాడు.

గురువారం స్కూలు అయ్యాక పాకకు వెళ్ళాడు. పాటలకు ఇంకా టైముంది. ఫకీరప్పగారు చెన్నబసప్ప దిండ్లలో రెండోది ఏకుతున్నారు. బయట గాలి ఎక్కువగా ఉందని, దూది ఎగిరిపోకుండా తలుపు వేసి ఉంచారు. అమ్మ మూలన తన చోటులో ఉంది.

"రాశాను గురువుగారూ. బయట పెట్టలేదు."

"చదువు."

దస్తగిరి తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చదవడం మొదలుపెట్టాడు. తన పేరు. అమ్మ పేరు. ఇల్లు. ఫకీరప్పగారు కొయ్యపిడి ఒళ్ళో పెట్టుకున్నారు. గట్టిపడిన పరుపు దగ్గరికి వచ్చి, 'పొద్దుగూకే వేళకు మా అమ్మ దాన్ని ఏకి పడేసింది' అని చదివాడు.

"పొద్దుగూకేదాకా ఏంటికి పడుతుంది?" అంది మూల నుంచి హుసేనమ్మ. "మధ్యాహ్నం అన్నాల యాళకే అయిపోయింది. ఆ మేడామె నోరు తెరుచుకుని చూసింది. రాసేది సరిగ్గా రాయి."

దస్తగిరి అక్కడికక్కడే ఫోన్‌లో దిద్దాడు. మళ్ళీ చదివాడు. రోడ్డు దాటిన చోటికి వచ్చేసరికి చదవడం నెమ్మదించింది. అయినా ఆపకుండా ఒక్కో మాటా బయటికి లాగాడు.

హుసేనమ్మ సూది పక్కన పెట్టింది.

"చూసినాలే ఆరోజు," అంది. "నీడ పక్కకు పోతాండావనుకున్నా."

ఆరోజు మబ్బు పట్టి ఉంది. ఆ సంగతి కొడుక్కీ తెలుసు, తల్లికీ తెలుసు. దస్తగిరి ఫోన్ కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాక మిగిలింది కూడా చదివాడు. ఆదివారం చెన్నబసప్పతో తనన్న మాట చదివాడు. ఆ మాట అబద్ధమని, ఈ పని తనకు వచ్చునని, నేర్పింది అమ్మేనని, ఆదోనిలో అలా ఏకగలిగినవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటే అందులో అమ్మ ఒకరని ఉంది చివర్లో.

"ఇద్దరో ముగ్గురో ఏంటికి?" అన్నారు ఫకీరప్పగారు. "నేనూ ఆమే. ఇంకెవరున్నారు?"

హుసేనమ్మ తల ఎత్తింది. గురువు నోట ఆ మాట ఆవిడ వినడం ఇదే మొదలు. కొంగు సర్దుకుంది గానీ మొహంలోని వెలుగును ఏ కొంగూ కప్పలేకపోయింది.

అప్పటికి బయట సందడి మొదలైంది. గురువారం మనుషులు ఒక్కొక్కరే చేరుతున్నారు. బ్యాంకు మేనేజరు దగ్గు వినిపించింది. ఆ వెంటనే, "దిండ్లు అయినాయా స్వామీ?" అని చెన్నబసప్ప గొంతు.

దస్తగిరి ఫోన్‌ను గుప్పిట్లో బిగించాడు.

"గురువుగారూ, రాయడం ఎందుకో తెలిసింది. నాకోసమే. మరి నాకోసం రాసుకున్నది నా దగ్గరే ఉంచుకోమంటారా? బయట పెట్టమంటారా?"

ఫకీరప్పగారు నారి మీది దూదిపోగులు దులిపి విల్లును పక్కకు కట్టేశారు. ఏకిన దూదిని గలీబులోకి కూరి, తట్టి, చెన్నబసప్ప దిండును తెచ్చి దస్తగిరి పక్కన పెట్టారు. హుసేనమ్మ లేచి, దూది దులుపుకోకుండానే, గుమ్మానికి ఎదురుగా వచ్చి కొడుకు పక్కన కూర్చుంది.

"తలుపు తీసి చదువు," అన్నారు ఫకీరప్పగారు.